‘విత్ ఎ వ్యూ టు’ తర్వాత ‘ఇంగ్’ ఎందుకు? కాంట్రాక్ట్ యాక్ట్‌లోనే ఉంది జవాబు

గుంటూరు బ్రాడీపేటలోనో విజయవాడ గవర్నర్‌పేటలోనో సీఏ ఫౌండేషన్ చదివే పిల్లల్ని బిజినెస్ లాస్‌లో ‘ప్రపోజల్’ నిర్వచనం అడగండి. ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతారు. 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం, సెక్షన్ 2(ఎ). ఒక పని చేయడానికో మానడానికో తనకున్న సమ్మతిని ఒకడు ఇంకొకడికి తెలియజేస్తే అది ప్రపోజల్. కానీ ఊరికే తెలియజేస్తే చాలదు, ‘విత్ ఎ వ్యూ టు అబ్టెయినింగ్ ది అసెంట్ ఆఫ్ దట్ అదర్’ తెలియజేయాలి. అంటే అవతలివాడి అంగీకారం పొందే ఉద్దేశంతో.

పరీక్షలో ఈ ముక్కను అక్షరం పొల్లుపోకుండా రాసినవాళ్లే, బ్యాంకుకు లెటర్ రాయాల్సి వచ్చినప్పుడు ‘విత్ ఎ వ్యూ టు అబ్టెయిన్ ఎ లోన్’ అంటారు. ‘టు’ తర్వాత వి1 (గో, మేక్ లాంటి క్రియ మూలరూపం) రావాలి కదా, ‘అబ్టెయినింగ్’ అన్నది అచ్చుతప్పేమో అని నోట్సులో దిద్దుకునేవాళ్లూ ఉంటారు. అచ్చుతప్పు కాదు. నూటయాభై ఏళ్లు దాటినా ఆ వాక్యంలో దిద్దాల్సింది ఏమీ లేదు. దాన్ని సరిగ్గా చదివితే ‘ఫలానా ఉద్దేశంతో’ అని ఇంగ్లీషులో చెప్పే పద్ధతి సగం వచ్చేసినట్టే.

చిక్కంతా ‘టు’ దగ్గర. ‘ఐ వాంట్ టు గో’లో ఉన్న టు క్రియకు ముందు పెట్టే గుర్తు. దాని వెనక వి1 తప్ప ఇంకేమీ నిలవదు. ‘ఐ వెంట్ టు తెనాలి’లో ఉన్న టు ప్రిపోజిషన్. దాని వెనక నామవాచకం రావాలి. అక్కడ క్రియనే పెట్టాలనుకుంటే అది ఐఎన్‌జీ తగిలించుకుని నామవాచకంలా మారాకే రావాలి. ‘విత్ ఎ వ్యూ టు’లో ఉన్నది ఈ రెండో టు.

ఏది ఏ టు అన్నది కనిపెట్టడం కష్టం కాదు. క్రియ తీసేసి, ఆ చోట ఒక మామూలు నామవాచకం పెట్టి చూడండి. వాక్యం నిలబడితే అది ప్రిపోజిషనే. ఈ పరీక్షకు ఉదాహరణ కూడా ఫౌండేషన్ సిలబస్‌లోనే దొరుకుతుంది. 2008 నాటి ఎల్‌ఎల్‌పీ (లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, పరిమిత బాధ్యత భాగస్వామ్యం) చట్టం సెక్షన్ 11లో, ఎల్‌ఎల్‌పీ పెట్టేవాళ్లు చట్టబద్ధమైన వ్యాపారం ‘విత్ ఎ వ్యూ టు ప్రాఫిట్’ చేయడానికి కలిసినవాళ్లై ఉండాలని ఉంది. ‘ప్రాఫిట్’ అక్కడ నామవాచకం. కాబట్టి అదే చోట క్రియ వస్తే ‘విత్ ఎ వ్యూ టు మేకింగ్ ప్రాఫిట్’ అవుతుంది, ‘టు మేక్’ కాదు. ఇదే పరీక్ష ‘లుక్ ఫార్వర్డ్ టు’, ‘అబ్జెక్ట్ టు’, ‘కమిటెడ్ టు’ అన్నిటికీ పనిచేస్తుంది. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ అనగలం కాబట్టి ‘టు హియరింగ్ ఫ్రమ్ యూ’. పదేళ్ల సర్వీసున్న గుమాస్తాలు కూడా ‘టు హియర్’ అని రాసి సంతకం పెట్టే లెటర్లు రెండు ఊళ్లలోనూ కొల్లలు. ‘యూజ్డ్ టు’ ఒక్కటి రెండు రకాలుగానూ నడుస్తుంది. ఒకప్పుడు తెనాలిలో ఉండేవాణ్ని అంటే ‘ఐ యూజ్డ్ టు లివ్’. తెనాలిలో ఉండటం నాకు అలవాటే అంటే ‘ఐయామ్ యూజ్డ్ టు లివింగ్’.

పాత పుస్తకాలు తిరగేసేవాళ్లకు ఒక మాట. భాగస్వామ్యం గురించి బ్రిటన్‌లో 1890లో వచ్చిన చట్టం మొదటి సెక్షన్‌లో ‘విత్ ఎ వ్యూ ఆఫ్ ప్రాఫిట్’ అని ఉంటుంది. అది కూడా తప్పు కాదు, ఆనాటి వాడుక. ఇప్పుడు మీరు రాసేటప్పుడు మాత్రం టు వేయండి. ‘ఆఫ్’ వేస్తే నేటి పాఠకుడికి వేరే అర్థం స్ఫురిస్తుంది. హోటల్ గది గురించి ‘విత్ ఎ వ్యూ ఆఫ్ ది రివర్’ అంటే కిటికీలోంచి కృష్ణ కనిపిస్తుందని, అద్దె కూడా ఆ మేరకు ఎక్కువని.

వ్యాకరణం ఇంతే. అర్థం దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే చట్టంలో ఈ ముక్క అలంకారానికి పెట్టింది కాదు. ఉద్దేశం వేరు, ఫలితం వేరు. ‘విత్ ఎ వ్యూ టు ప్రాఫిట్’ అన్నారు గానీ లాభం వచ్చి తీరాలని అనలేదు. మూడేళ్లు వరుసగా నష్టాలొచ్చినా ఎల్‌ఎల్‌పీ ఎల్‌ఎల్‌పీనే. లాభాపేక్ష ఉంటే చాలు. ఆ అపేక్షే లేకుండా పూర్తిగా ధర్మకార్యం కోసం పెట్టదలచుకుంటే మాత్రం ఈ దారి కాదు, ట్రస్టో సొసైటీయో చూసుకోవాలి.

ప్రపోజల్ విషయంలో ఇది ఇంకా పదునుగా తెలుస్తుంది. హార్వీ వర్సెస్ ఫేసీ కేసు లేని కాంట్రాక్ట్ లా పుస్తకం ఉండదు. జమైకాలో బంపర్ హాల్ పెన్ అనే ఆస్తి ఉంది. దాన్ని మాకు అమ్ముతారా, కనీస ధర టెలిగ్రాంలో చెప్పండి అని హార్వీ పక్షం అడిగింది. ‘బంపర్ హాల్ పెన్ కనీస ధర 900 పౌన్లు’ అని ఫేసీ జవాబిచ్చాడు. అంతే, అమ్ముతాననలేదు. సరే, ఆ ధరకు కొంటున్నాం అంటూ హార్వీ మళ్లీ టెలిగ్రాం కొట్టి, కాంట్రాక్ట్ కుదిరిపోయిందన్నాడు. కుదరలేదని 1893లో, బ్రిటిష్ వలసలకు చివరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ తేల్చింది. అడిగిన ధర చెప్పడం సమాచారం ఇవ్వడమే, ఒప్పుకో అని ముందుకు రావడం కాదు. ఆ కేసు మన చట్టం కింద నడిచింది కాదు గానీ, 2(ఎ)లో ‘విత్ ఎ వ్యూ టు అబ్టెయినింగ్ ది అసెంట్’ అన్న మాటలు ఎందుకున్నాయో దానికన్నా బాగా చూపించే ఉదాహరణ దొరకదు. బీసెంట్ రోడ్డులో షాపు అద్దం వెనక చీరకు కట్టిన ధర చీటీ సంగతీ ఇంతే. రండి, అడగండి అనే ఆహ్వానమే తప్ప ప్రపోజల్ కాదు. కొంటానని కస్టమర్ అన్నప్పుడు ప్రపోజల్ పుడుతుంది, ఒప్పుకునేది షాపువాడు.

అదే చట్టంలో ఇంకో పదిహేను సెక్షన్లు ముందుకు వెళ్లండి. ఉద్దేశం చెప్పే పద్ధతులు మరో రెండు కనిపిస్తాయి. సెక్షన్ 15లో కోయెర్షన్ (బలవంతపెట్టడం): బెదిరింపు ‘విత్ ది ఇంటెన్షన్ ఆఫ్ కాజింగ్ ఎనీ పర్సన్ టు ఎంటర్ ఇన్‌టు యాన్ అగ్రిమెంట్’ జరిగి ఉండాలి. సెక్షన్ 17లో ఫ్రాడ్: ‘విత్ ఇంటెంట్ టు డిసీవ్ అనదర్ పార్టీ’. ఒకే చట్టంలో మూడు రకాలు, మూడింటి వెనకా క్రియలే, కానీ రూపాలు వేరు. ‘వ్యూ టు’ తర్వాత ఐఎన్‌జీ. ‘ఇంటెన్షన్ ఆఫ్’ తర్వాత కూడా ఐఎన్‌జీ, ఎందుకంటే ‘ఆఫ్’ ప్రిపోజిషన్ అనడంలో ఎవరికీ అనుమానం ఉండదు. ‘ఇంటెంట్ టు’ తర్వాత మాత్రం వి1. ఇక్కడున్నది క్రియ ముందు గుర్తుగా వచ్చే టు. నామవాచకం పెట్టి చూడండి, ‘విత్ ఇంటెంట్ టు డిసెప్షన్’ అని ఎవరూ అనరు.

ముందున్న ఆర్టికల్‌ని కూడా గమనించాలి. ‘వ్యూ’కు ముందు ‘ఎ’. ‘ఇంటెన్షన్’కు ముందు ‘ది’. ‘విత్ ఇంటెంట్ టు’ అన్నప్పుడు ఏమీ లేదు. వీటిని కలగాపులగం చేసి ‘విత్ ది వ్యూ టు’, ‘విత్ యాన్ ఇంటెన్షన్ ఆఫ్’ అని రాయడం ఆఫీసు డ్రాఫ్టుల్లో రోజూ కనిపించేదే. ఈ మూడు సెక్షన్లూ ఎలాగూ కంఠతా పట్టాలి కాబట్టి, వాటితో పాటే వ్యాకరణమూ పట్టేయడం మంచిది. సెక్షన్ 18 చదివేటప్పుడు ‘వితౌట్ యాన్ ఇంటెంట్ టు డిసీవ్’ అన్న చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఫ్రాడ్‌కీ మిస్‌రిప్రజెంటేషన్‌కీ (మోసగించే ఉద్దేశం లేకుండా తప్పుదారి పట్టించడానికీ) మధ్య గోడ ఆ మాటలే.

‘విత్ ఎ వ్యూ టు’ ఎక్కడ వాడాలి? ఆలోచించి వేసిన పథకం, కొంత దూరంలో ఉన్న లక్ష్యం, ఇవి ఉన్న చోట. గుంటూరు మిర్చి యార్డులో ధర లేదని రైతు తన మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టాడనుకోండి. ‘హీ స్టోర్డ్ ది చిల్లీస్ విత్ ఎ వ్యూ టు సెల్లింగ్ దెమ్ లేటర్’ అనొచ్చు. అమ్మేది ఇంకో నాలుగు నెలలకో ఆరు నెలలకో, ధర వస్తుందో రాదో తెలియదు, అయినా ఆ చూపుతోనే పెట్టాడు. సరిగ్గా ఇలాంటి చోట కుదిరే ప్రయోగం ఇది. అదే రైతు గేటు దగ్గర ఆగి టీ తాగాడని చెప్పడానికి ‘హీ స్టాప్డ్ విత్ ఎ వ్యూ టు డ్రింకింగ్ టీ’ అంటే విన్నవాళ్లు నవ్వుతారు. అక్కడ ఒట్టి ‘టు’ చాలు. ‘హీ స్టాప్డ్ టు డ్రింక్ టీ’.

‘విత్ యాన్ ఐ టు’ అని దీనికో చుట్టం ఉంది. దాని తర్వాతా నామవాచకమో ఐఎన్‌జీయో రావాలి. కానీ అందులో ఒక కన్ను తన లాభం మీద వేసి ఉంచిన వాసన వస్తుంది. ‘విత్ యాన్ ఐ టు ది ఎలక్షన్స్’ అని పత్రికలు రాసేది అందుకే. ప్రిన్సిపాల్ గారికి పెట్టే అర్జీలో అది వేయకండి.

ఇప్పుడు తెలుగులోంచి ఆలోచించేవాళ్లు జారే చోట్లు. మొదటిది, అన్నిటికన్నా పెద్దది, ‘ఇన్ వ్యూ ఆఫ్’. చూడటానికి ఒకేలా ఉన్నా ఇది ఉద్దేశం కాదు, కారణం. భారీ వర్షాల దృష్ట్యా స్కూళ్లకు సెలవు అన్నప్పుడు ‘ఇన్ వ్యూ ఆఫ్ హెవీ రెయిన్స్’. వర్షం ముందే ఉంది, దాన్ని చూసి సెలవిచ్చారు. పిల్లలకు ఇబ్బంది కలగకూడదని సెలవిచ్చారు అంటే ‘విత్ ఎ వ్యూ టు అవాయిడింగ్ ఇన్‌కన్వీనియెన్స్’. ఇబ్బంది ఇంకా రాలేదు, రాకూడదనే చూపు. ఒకే సర్క్యులర్‌లో రెండూ రావచ్చు, రెండూ సరైనవే కావచ్చు. ఒకదాని చోట ఇంకోటి పెడితే మాత్రం వర్షం కురిపించే ఉద్దేశంతో కలెక్టరు సెలవిచ్చినట్టు తయారవుతుంది. ‘ఇన్ వ్యూ ఆఫ్’ తర్వాత పూర్తి వాక్యం తగిలించాలంటే ‘ఇన్ వ్యూ ఆఫ్ ది ఫ్యాక్ట్ దట్’ అనాలి. నామవాచకమైతే ‘ఫ్యాక్ట్ దట్’ అక్కర్లేదు.

‘విత్ ది వ్యూ దట్’ అన్నది రెండోది. ఫలానా అభిప్రాయంతో అని దాని అర్థం. ‘ఐ అగ్రీ విత్ ది వ్యూ దట్ ది ఫీజ్ ఆర్ హై’. ఉద్దేశం చెప్పాలనుకుని ‘విత్ ఎ వ్యూ దట్’ అని వాక్యం తగిలిస్తే అది ఇంగ్లీషే కాదు. వెనక కర్తతో సహా వాక్యం రావాల్సి ఉంటే ‘సో దట్’ వాడండి.

ఇంకో జారుడు ‘ఫర్’. కొనడానికి వెళ్లాను అన్నప్పుడు మన ‘-డానికి’లో ‘కోసం’ వినిపిస్తుంది కాబట్టి ‘ఐ వెంట్ టు విజయవాడ ఫర్ బయ్యింగ్ బుక్స్’ అనేస్తాం. మనిషి ఉద్దేశానికి ‘టు బయ్’ అనాలి. నామవాచకమైతే ‘ఫర్ బుక్స్’ అనొచ్చు. ‘ఫర్’ ప్లస్ ఐఎన్‌జీ వస్తువు ఉపయోగానికి సరిపోతుంది. ‘దిస్ మెషీన్ ఈజ్ ఫర్ కౌంటింగ్ నోట్స్’. ‘ఫర్ ది పర్పస్ ఆఫ్’ అని పొడిగిస్తే మనిషి ఉద్దేశానికీ చెల్లుతుంది గానీ అది డాక్యుమెంట్ భాష, ఉత్తరానికి బరువు.

‘ఇన్ ఆర్డర్ టు’, ‘సో యాజ్ టు’ రెండింటి వెనకా వి1. గ్రూప్స్‌కు చదివేవాళ్లు రాజ్యాంగం 33వ అధికరణం చూడండి. సైనిక, పోలీసు బలగాల విషయంలో ప్రాథమిక హక్కులను ఏ మేరకు పరిమితం చేయవచ్చో పార్లమెంటు నిర్ణయించవచ్చంటూ, ఎందుకో చెప్పేటప్పుడు ‘సో యాజ్ టు ఎన్‌ష్యూర్ ది ప్రాపర్ డిశ్చార్జ్ ఆఫ్ దెయిర్ డ్యూటీస్’ అంటుంది. ఎన్‌ష్యూర్, ఎన్‌ష్యూరింగ్ కాదు. రెండింటిలో ‘ఇన్ ఆర్డర్ టు’ వాక్యం మొదట్లో హాయిగా కూర్చుంటుంది, ‘సో యాజ్ టు’ నడుమ వస్తేనే అందం. నామవాచకానికి అతుక్కుని వచ్చే టు చోట ‘ఇన్ ఆర్డర్ టు’ పెట్టకూడదు. ‘పర్మిషన్ టు బిల్డ్’ అనాలి గానీ ‘పర్మిషన్ ఇన్ ఆర్డర్ టు బిల్డ్’ అనకూడదు.

వ్యతిరేకార్థంలో ఒట్టి ‘నాట్ టు’ చాలదు. రైలు తప్పిపోకుండా త్వరగా బయల్దేరాను అనడానికి ‘ఐ స్టార్టెడ్ ఎర్లీ నాట్ టు మిస్ ది ట్రెయిన్’ అంటే కుంటుతుంది. ‘సో యాజ్ నాట్ టు మిస్’ లేదా ‘ఇన్ ఆర్డర్ నాట్ టు మిస్’ అనాలి. ‘విత్ ఎ వ్యూ టు నాట్ మిస్సింగ్’ అనబోకండి. ‘విత్ ఎ వ్యూ టు’తోనే చెప్పి తీరాలంటే ‘అవాయిడింగ్’, ‘ప్రివెంటింగ్’, ‘రెడ్యూసింగ్’ లాంటి క్రియలు ఉన్నది ఇందుకే.

ఎక్కువ మార్కులు పోయేది, ఎక్కువ సర్క్యులర్లు నవ్వులపాలయ్యేది మాత్రం ఇంకోచోట. ‘విత్ ఎ వ్యూ టు’ తర్వాతి పని ఎవరి ఉద్దేశమో, వాక్యంలో కర్త కూడా వాళ్లే కావాలి. ఇలాంటి నోటీసు ఒకటి తీసుకోండి: ‘విత్ ది వ్యూ టు కంప్లీట్ ది వర్క్ ఇన్ టైమ్, ఆల్ ది స్టాఫ్ ఆర్ ఇన్‌ఫార్మ్‌డ్ టు అటెండ్ ఆన్ సండే’. ‘ది వ్యూ’ అన్నది ‘ఎ వ్యూ’ కావాలి, ‘కంప్లీట్’ అన్నది ‘కంప్లీటింగ్’ కావాలి. ‘ఇన్‌ఫార్మ్‌డ్ టు అటెండ్’ కూడా కుదరదు. ‘ఇన్‌ఫార్మ్’ అంటే సంగతి తెలపడం, రమ్మని చెప్పడానికి ‘ఆస్క్’ కావాలి. ఈ మూడూ దిద్దాక కూడా ఒకటి మిగులుతుంది. పని పూర్తి చేయించాలన్న ఉద్దేశం ఎవరిది? మేనేజ్‌మెంట్‌ది. వాక్యంలో కర్త ఎవరు? స్టాఫ్. ‘ఆర్ ఆస్క్‌డ్’ లాంటి పాసివ్ వాయిస్ వెనక మేనేజ్‌మెంట్ దాక్కుని ఉంది కాబట్టి చాలామంది దీన్ని క్షమిస్తారు. ‘స్టాఫ్ షుడ్ అటెండ్’ అని యాక్టివ్‌లో రాస్తే ఆ సాకు కూడా ఉండదు. ఆదివారం పనిచేయాలన్నది స్టాఫ్ కోరికే అన్నట్టు చదవాల్సి వస్తుంది.

బాగుచేయడానికి రెండు దారులు. ఉద్దేశం ఉన్నవాణ్నే కర్తను చేయడం ఒకటి: ‘విత్ ఎ వ్యూ టు కంప్లీటింగ్ ది వర్క్ ఇన్ టైమ్, ది మేనేజ్‌మెంట్ హాజ్ ఆస్క్‌డ్ ది స్టాఫ్ టు అటెండ్ ఆన్ సండే’. ‘సో దట్’తో విడగొట్టడం రెండోది: ‘ది స్టాఫ్ షుడ్ అటెండ్ ఆన్ సండే సో దట్ ది వర్క్ కెన్ బి కంప్లీటెడ్ ఇన్ టైమ్’. నోటీసు బోర్డుకైతే రెండోదే నయం. చదివేవాడు తాను ఏం చేయాలో ముందు తెలుసుకుంటాడు, ఎందుకో తర్వాత.

‘సో దట్’ వాడినప్పుడు కాలం చూసుకోవాలి. ముందు భాగం వర్తమానమైతే వెనక ‘కెన్’, ‘విల్’. భూతకాలమైతే ‘కుడ్’, ‘వుడ్’. ‘హీ స్టోర్డ్ ది స్టాక్ సో దట్ హీ కెన్ సెల్’ అన్నది పరీక్షల్లో ఎర్రర్ స్పాటింగ్‌కు ఇచ్చే వాక్యం, ‘కెన్’ చోట ‘కుడ్’ పెట్టాలి. ‘ఇన్ ఆర్డర్ దట్’ అయితే ‘మే’, ‘మైట్’ కూడా వస్తాయి, కాకపోతే అది వింటే కోర్టు గుమ్మం గుర్తొస్తుంది. ‘లెస్ట్’ లోపలే ‘కాకుండా’ అన్న అర్థం ఉంది, అందుకే దాని వెనక ‘షుడ్’ వస్తుంది, ‘నాట్’ రాదు. ‘వర్క్ హార్డ్ లెస్ట్ యూ షుడ్ ఫెయిల్’ అంటే ఫెయిలవకుండా కష్టపడమని. అలవాటుకొద్దీ ‘షుడ్ నాట్ ఫెయిల్’ అని రాస్తే పాసవకుండా ఉండేందుకు కష్టపడమన్నట్టు అవుతుంది.